ఉత్త సీసాలో సీసం

మామగారు బుద్ధెరిగిన దగ్గర్నించి ఒక్క తప్పు కూడా చేయలేదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే. అప్పుడప్పుడూ తప్పు చేసే మనిషితో ఒకే ఇంట్లో ఉండడం సులువు. పట్టుబడినప్పుడు కాసేపు తల దించుకుంటాడు, ఆ కాసేపట్లో ఇంట్లో మిగతావాళ్ళు తల ఎత్తుకుంటారు. ఆ అవకాశం ఈయన ఎవరికీ ఇవ్వలేదు. గోడ గడియారానికి తాళం ఇవ్వడం మరిచిపోతే, ఆ పూట ఎవరికీ టైముతో పని లేదనేవారు. ఉప్పుకు వెళ్ళి పంచదార తెస్తే అది కొట్టువాడి చెవిలో లోపం. ఒకసారి కుటుంబాన్నంతా వెంటబెట్టుకుని స్టేషనుకు ఆలస్యంగా చేరి, ఖాళీ పట్టాల వైపు చూసి, “తప్పింది రైలు. నేను కాదు,” అన్నారు.

ఆ ఉదయం కోడలు అన్నం డబ్బా మూత బిగిస్తుంటే ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, గోడకు చెప్పినట్టు చెప్పారు.

“సాయంత్రం బస్సుకు వెళ్తున్నాను.”

ఆమెకు ఆ సంగతి నాలుగు రోజులుగా తెలుసు. కూతురి ఊరికి ప్రయాణం. ఊరికే చూసి వస్తానన్నారు గాని, సంచిలో చలికాలం దుప్పటి కూడా పెట్టుకున్నారు. చలికాలం ఇంకా చాలా దూరంలో ఉంది.

“రేపు వెళ్ళొచ్చు కదా మామయ్యా. మీ అబ్బాయి కూడా ఖాళీ. బస్సు ఎక్కించి వస్తారు.”

“నా కాళ్ళకేం వచ్చింది?”

“కాళ్ళకేమీ రాలేదు.”

“రాలేదు కదా. వచ్చిందేదో రక్తంలోకి వచ్చింది. కాళ్ళు బాగానే ఉన్నాయి.”

ఇంతలో బడి బట్టల్లో ఉన్న మనవరాలు గువ్వ ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. లేసు కట్టమని బూటును తాతగారి వైపు చాపింది. అది రోజూ ఆయన పనే. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

“మీ అమ్మనడిగి రా. నా చేతులు కడిగానో లేదో ఆవిడకు తెలియాలి.”

“కట్టండి మామయ్యా. ఎవరొద్దన్నారు?”

“మొన్నెవరో అన్నారు. ఎవరో గుర్తు లేదు.”

గువ్వ బూటును గాల్లోనే పట్టుకుని ఇద్దరి మొహాలూ చూసింది. చివరికి లేసు కోడలే కట్టింది. ముందు గదిలో భర్త కుట్టుమిషను దగ్గర వంగి, పెదాల మధ్య గుండుసూదులు బిగించి, ఒక చొక్కా కాలరును తదేకంగా చూస్తున్నాడు. ఇంట్లో మాటా మాటా వచ్చినప్పుడల్లా అతని నోట్లో గుండుసూదులుండడం ఆమె పెళ్ళయిన కొత్తలోనే గమనించింది. దర్జీ పని ఎంచుకున్నది అందుకేనేమో అని కూడా అనుకుంది.

ఆమె సంచి భుజాన వేసుకుని పెరటి దారిన బయటికి వెళ్ళింది. పెరడు చివర రేకుల పాక. ముందు దండెం. పాకలో ఇటుకల పొయ్యి, దాని మీద నల్లగా మసిబారిన ఇనప మూకుడు, పొడుగు కాడ గరిటె. మామగారు బతుకంతా ఆ మూకుట్లో సీసం కరిగించారు. వలలకు కట్టే గుళ్ళు పోశారు. పరదాల అంచుల్లో కుట్టే బిళ్ళలు పోశారు. వయసు మీద పడ్డాక వేళ్ళు వణుకుతున్నా, గరిటె పట్టుకున్నప్పుడు మాత్రం వణికేవి కావు. ఇప్పుడు పొయ్యిలో బూడిద కూడా లేదు. చీపురు గీతలు కనబడేంత శుభ్రంగా ఊడ్చి, మూకుడును బోర్లించి ఉంచారు.

ఆర్పమని అన్నది ఆమే.

ఆమె పనిచేసే భవనం ఊరి చివర ఉంది. దాని బోర్డు మీద ఒక పొడుగాటి పేరుంది. రోడ్డు మీద పోయేవాళ్ళెవరూ దాన్ని చివరిదాకా చదవలేదు. అందరూ ఈకల ఆఫీసంటారు. పెళ్ళిళ్ళలో బంధువులు “మీ ఆవిడ ఏం చేస్తుందోయ్” అని అడిగితే భర్త ఎంతో వినయంగా, “ఆఫీసులో ఈకలు పీకుతుందండి,” అనేవాడు. వాళ్ళు నవ్వాలో వద్దో తేల్చుకోలేక తలూపేవారు. అలాంటి చోట్ల మాత్రం అతని నోట్లో గుండుసూదులుండేవి కావు.

“పీకను. కడుగుతాను,” అని ఆమె సరిదిద్దేది. “పీకాల్సిన పని లేదు. వాటంతట అవే రాలతాయి.”

నిజంగానే ఆమె పని గద్దల ఈకలు కడగడం. ఊరు ఏం తిన్నదీ, ఏం పారేసిందీ, ఏ పొగ వదిలిందీ చివరికి గద్ద ఒంట్లోకి చేరుతుంది. కాలవలో చేప, గోదాములో ఎలుక, చెత్తకుప్ప మీద పేగులు, అన్నీ దాని భోజనమే. ఈక మొలిచేటప్పుడు దాని మొదట్లోకి రక్తం పారుతుంది. రక్తంలో సీసం ఉంటే, పాదరసం ఉంటే, అదీ ఈకలోకి చేరుతుంది. ఈక పూర్తిగా ఎదిగాక రక్తం వచ్చే దారి మూసుకుపోతుంది, లోపల చిక్కింది చిక్కినట్టే ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడో ఆ ఈక రాలి గూటి కింద పడుతుంది. పక్షిని పట్టుకోనక్కర్లేదు, సూది గుచ్చనక్కర్లేదు. వంగి ఏరుకుంటే దాని రక్తపరీక్ష చేతికి వచ్చినట్టే.

కాకపోతే ఈక మీద పైపైన పడిన దుమ్మును కడిగెయ్యాలి. లేకపోతే గద్ద తిన్నదేదో, గాలి తెచ్చిందేదో తెలియదు. ఆ కడగడమే ఆమె ఉద్యోగం. డిగ్రీ చదివేటప్పుడు ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఆమెకు తెలియదు. ఇంటర్వ్యూలో పెద్ద మేడం ఒక్కటే అడిగింది.

“గిన్నెలు ఎలా తోముతారు?”

“ఒకటికి రెండుసార్లు తోముతానండి. ఇంకా జిడ్డుందేమోనని అనుమానం నాకు.”

మర్నాటి నుంచే రమ్మన్నారు.

ఆ రోజు కూడా వచ్చీ రాగానే చేతి ఉంగరం తీసి అరలో పెట్టింది, జుట్టు టోపీలోకి తోసింది, ఆఫీసులోనే ఉతికి ఆఫీసులోనే ఆరేసిన కొత్త తెల్లకోటు తొడుక్కుంది. రబ్బరు తొడుగుల్లోకి వేళ్ళు దూర్చింది. ఏళ్ళ తరబడి తొడుగుల చెమటలో నాని ఆమె వేలికొనలు తెల్లగా ముడుచుకుపోయాయి. గోళ్ళు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి. గాజు తొట్టెలో మొదటి నీళ్ళు, తర్వాత మందు నీళ్ళు, మళ్ళీ మంచి నీళ్ళు. ప్లాస్టిక్ పట్టకారుతో ఒక్కొక్క ఈకనూ ముంచి, అటూ ఇటూ ఊపి తీయాలి. మొదట ఈక తడిసి ముద్దయి ఏ పక్షిదో తెలియకుండా పోతుంది. మూడో నీళ్ళలో మళ్ళీ విచ్చుకుంటుంది. గోధుమరంగు మీద ముదురు చారలు తేలతాయి. ఎన్ని కడిగినా ఆ విచ్చుకునే క్షణం దగ్గర ఆమె చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

ఈ ఏడాది రెండు గూళ్ళ ఈకలు వచ్చాయి. ఒకటి చెరువు పక్క చెట్టు మీది గూడు. రెండోది పాత బ్యాటరీలు పగలగొట్టే వీధిలో, వాడకుండా వదిలేసిన పొగగొట్టం మీది గూడు. ఆ వీధిలో ఇళ్ళూ ఉన్నాయి, ఇళ్ళ ముందు పిల్లలూ ఆడుకుంటారు. గద్దల ఈకల్లో సీసం ఎంతుందో రాసి పంపితే అక్కడి పని ఊరి బయటికి తరలిస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. రిపోర్టు రాయడం పెద్ద మేడం వంతు. రాయడానికి చెయ్యాడకుండా చేసింది ఉత్తది.

ఉత్తది అంటే ఈక లేని నమూనా. ప్రతి విడత ఈకలతో పాటు ఒక తెల్ల కాగితం ముక్కను కూడా అవే నీళ్ళలో కడిగి, అదే బల్ల మీద ఆరబెట్టి, అదే ఆసిడ్‌లో కరిగించి సీసాలో పోస్తారు. అది గద్దది కాదు, దేనిదీ కాదు. అందులో ఏమీ ఉండకూడదు. ఏదైనా ఉందంటే ఆ మురికి పక్షిది కాదు, ఆఫీసుది. పోయిన నెల నుంచి ఉత్తదాంట్లో సీసం కనబడుతోంది.

నీళ్ళు మార్చారు. ఆసిడ్ మార్చారు. సీసాలు మార్చారు. పెద్ద మేడం గోడల రంగు కూడా గీకించి పరీక్ష చేయించింది. అన్నీ అయిపోయాక, ఒక మధ్యాహ్నం డబ్బా తెరిచి ముద్ద కలుపుతూ కోడలు ఆగిపోయింది. తన తెల్లకోటు రోజూ ఇంట్లోనే ఉతుకుతుంది. పెరటి దండెం మీద ఆరేస్తుంది. దండేనికి ఎదురుగా మామగారి పొయ్యి.

దొంగ దొరికాడన్న ఉత్సాహంతో ఆ కబురు పెద్ద మేడానికి ఆమే చెప్పింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్ద మేడం కోప్పడలేదు, పైగా ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయించమని చీటీ రాసిచ్చింది. గువ్వకు ఏమీ లేదు. మామగారికి మాత్రం ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది. డాక్టరు ఇక ఆ పని తగ్గించండి పెద్దాయనా అన్నాడు.

“తగ్గించమన్నాడు. మానమనలేదు,” అన్నారు ఆయన ఇంటికొచ్చాక.

అప్పుడు ఆమె భోజనాల దగ్గర అంతా చెప్పింది. ఆఫీసులో నెలరోజుల పని పాడైందని, అది ఈ పెరట్లోంచే వెళ్ళిందని, ఇక పొయ్యి వెలిగించడానికి వీల్లేదని. అక్కడితో ఆగితే బాగుండేది. పాప తాతగారి ఒళ్ళో కూర్చోకూడదని కూడా అంది. ఆయన బట్టలు విడిగా ఉతుకుతానంది. మామగారు ముద్ద పట్టుకున్న చేత్తోనే ఆమె మొహంలోకి కాసేపు చూశారు. ఏదో అనబోయి మానుకున్నారు. జవాబు దొరకలేదనుకుని ఆమెకు లోలోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇన్నేళ్ళకు. మర్నాడు పొయ్యి ఊడ్చేశారు. ఆ తర్వాత దుప్పటి సంచిలోకి వెళ్ళింది.

మధ్యాహ్నం దాటుతుండగా యంత్రాల గది నుంచి పాయింటాయన పిలిచాడు. సన్నగా, కొంచెం వంగి ఉండే మనిషి. యంత్రం చూపించే అంకెలు చదివీ చదివీ దశాంశాలు లేకుండా మాట్లాడలేని స్థితికి వచ్చాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, “సున్నా పాయింటు తొమ్మిది. తక్కువైన పాయింటు ఒకటి మోకాలు నొప్పి,” అంటాడు.

“కూర్చోండమ్మా.”

“నిలబడే వింటాను. చెప్పండి.”

“ఉత్తది మళ్ళీ లేచింది.”

“ఎంత?”

“పోయినసారి ఎంతో ఇంచుమించు అంతే. ఓ సున్నా పాయింటు సున్నా ఒకటి ఎక్కువే.”

“కొత్త కోటు కదండీ. ఇంటికి తీసుకెళ్ళనే లేదు.”

“అందుకే కూర్చోమన్నాను.”

ఆమె కూర్చుంది. పాయింటాయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపల నీళ్ళలాంటి నీళ్ళు.

“ఉత్త సీసాలో సీసం. మా తాత ఉంటే దెయ్యమనేవాడు. మీ మామగారు ఇంకా కరిగిస్తున్నారా?”

“లేదండి. పొయ్యిలో బూడిద కూడా ఎత్తేశారు.”

“అయితే పెద్దాయన కాదన్నమాట,” అని అతను సీసాను మళ్ళీ వరసలో పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అతనికి అది కొట్టేసిన ఒక అనుమానం, అంతే. ఆమెకు మాత్రం పొద్దున గువ్వ గాల్లో పట్టుకున్న బూటు కళ్ళ ముందు ఆగింది. ఆమె లేచి ఆరబెట్టే గదిలోకి వెళ్ళింది.

పొడుగాటి బల్ల మీద తెల్లకాగితాలు పరిచి ఉన్నాయి. వాటి మీద ఈకలు వరసగా ఆరుతున్నాయి. రెక్కల చివరి పెద్ద ఈకలు వాటి బరువుకు అవే పడుకుని ఉన్నాయి. రొమ్ము మీది చిన్న ఈకల మొదళ్ళ మీదా, ఉత్త కాగితం ముక్క అంచు మీదా మాత్రం చిన్న చిన్న గుడ్డ సంచులు బరువుగా పెట్టి ఉన్నాయి. పైన పంకా తిరుగుతోంది. ఆమె బల్ల అంచు చూసింది, కిటికీ చూసింది, పంకా రెక్కలు చూసింది. ఆరిన ఈకలు తీద్దామని ఒక గుడ్డ సంచిని పక్కకు జరిపింది.

కాగితం మీద బూడిదరంగు గీత పడింది. పెన్సిలుతో గీసినట్టు.

ఆమె సంచిని ఎత్తి తిప్పి చూసింది. నీలి చారల గుడ్డ, అడుగున కుట్టు అరిగి, సందులోంచి ఏదో నున్నటి అంచు తొంగి చూస్తోంది. ఆ అంచును కాగితం మీద ఇంకోసారి రాసింది. ఇంకో గీత. ఆమె తొడుగు వేలితో ఆ గీతను ముట్టుకుంది, తర్వాత స్టూలు మీద కూర్చుంది.

ఆ నీలి చారలు భర్త కుట్టిన ఎవరిదో చొక్కావి. ఆమె ఉద్యోగంలో చేరిన ఏడు, ఎండకు తట్టుకోలేక ఈ గదిలో పంకా పెట్టించారు. మొదటిరోజు స్విచ్చి వెయ్యగానే ఈకలన్నీ లేచాయి. తనూ పాయింటాయనా గదంతా దూకుతూ పట్టుకున్నారు. ఒకటి పెద్ద మేడం జుట్టులో దొరికింది. ఆ సాయంత్రం ఇంట్లో నవ్వుతూ నవ్వుతూ చెప్పి, “చిన్న చిన్న బరువులేమైనా పోసిస్తారా మామయ్యా,” అని అడిగింది.

“సీసం వద్దమ్మాయ్,” అన్నారాయన. “మెత్తన. దేనికి రాసుకుంటే దానికి అంటుతుంది. ఇనప బిళ్ళలు తెచ్చుకో.”

“ఇనుము తుప్పు పడుతుంది కదా. అయినా గుడ్డలో పెట్టి కుట్టేస్తాను.”

“నీ ఇష్టం. చెప్పాల్సింది చెప్పాను.”

చెప్పారు, పోశారు. చిన్నవి, పల్చటివి. గుడ్డ చిరగకుండా ఒక్కొక్క దాని మూలలూ ఆకురాయితో అరగదీసి ఇచ్చారు. ఆమె కూర్చుని సంచులు కుట్టింది. కుట్టేశాక లోపలున్నది సీసమన్న సంగతే కళ్ళకు దూరమైంది. ఆఫీసులో అందరూ ఇసక అనుకున్నారు. ఆమె వాటిని బరువులు అనే పిలిచింది. గాలిలో, నీళ్ళలో, గద్ద రక్తంలో సీసం వెతుకుతూ ఇన్నేళ్ళు వాటిని రోజూ చేత్తో ఎత్తి పెట్టింది.

నవ్వొచ్చింది ముందు. ఆ నవ్వు సగంలో ఆగింది.

బరువులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకుని పెద్ద మేడం గదికి వెళ్ళింది. పెద్ద మేడంది నెరిసిన జుట్టు, మాటకు ముందు పెన్ను మూత తీసే అలవాటు. కవరును బల్ల మీద పెడితే దభీమని చప్పుడైంది.

“ఇవి సీసం మేడం. ఈకలు ఎగరకుండా పెట్టేవి. కుట్టు అరిగిపోయింది.”

పెద్ద మేడం ఒక సంచిని అరచేతిలో తూచి చూసింది. పెన్ను మూత తీసింది.

“సీసమా. ఇవెక్కడివి?”

“ఎప్పట్నించో ఉన్నాయి మేడం.”

“ఎవరు పెట్టారు?”

“పంకా పెట్టినప్పటి నుంచి ఉన్నాయి.”

అది అబద్ధం కాదు. కాని ఆ మాట తన నోట్లోంచి వచ్చిన తీరు ఆమెకు బాగా తెలిసినట్టనిపించింది. రైలు స్టేషనులో విన్న తీరు అది. పెద్ద మేడం ఆ సంగతి రెట్టించలేదు, ఆమె ధ్యాసంతా రిపోర్టు మీదే ఉంది.

“పెద్ద ఈకల మీద కూడా ఇవి పెట్టారా?”

“లేదు మేడం. అవి ఎగరవు.”

“ఒక్కదాని మీద కూడా లేదా?”

“లేదు. అవసరం లేదు వాటికి.”

“అయితే పెద్ద ఈకలు నిజమే చెప్తున్నాయి,” అని పెద్ద మేడం కాగితాలు దగ్గరికి లాక్కుంది. చెరువు గద్దల పెద్ద ఈకల్లో సీసం లేనట్టే. పొగగొట్టం గద్దల ఈకల్లో దండిగా ఉంది. రెంటినీ కడిగింది అవే చేతులు, ఆరబెట్టింది ఆ బల్ల మీదే. “చిన్న ఈకలు పక్కన పెడదాం. పెద్దవాటినే ఇంకోసారి, ఇంకో ఉత్తదాంతో కలిపి నడిపిస్తే సరిపోతుంది. ఆ వీధి సంగతి ఆగదు. పాపం, మీ మామగారిని ఊరికే అనుమానించాం.”

“అవునండి.”

“చెప్పండి ఆయనకు.”

“చెప్తాను మేడం. ఇవాళ కొంచెం ముందు వెళ్ళొచ్చా?”

వాకిట్లోకి వచ్చేసరికి భవనం మీదుగా ఒక గద్ద రెక్క కదపకుండా చుట్టు తిరుగుతోంది. రోజూ అయితే ఆమె ఆగి చూసేది. ఇవాళ రోడ్డు దాటి ఆటో ఎక్కింది. దారిలో ఇంటికి ఫోన్ చేస్తే భర్త ఎత్తాడు.

“నాన్న ఇందాకే బయలుదేరారు. దింపుతానంటే కాళ్ళున్నాయన్నారు.”

“మీరు ఆపలేదా?”

“నేనా?” అన్నాడు. ఆ గొంతు ముద్దగా వినబడింది. గుండుసూదులు.

బస్టాండులో బస్సు సగం నిండి ఉంది. మామగారు లోపల లేరు. సీట్లో తువ్వాలు వేసి కిందికి దిగి, సంచి మాత్రం ఎవరినీ నమ్మక భుజానికే తగిలించుకుని, ముందు తలుపు దగ్గర నీడలో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గడ్డం గీసుకున్నారు. దూరం నుంచి చూస్తే ఆమెకు ఆయన పొట్టిగా కనిపించారు. ఇంట్లో ఎప్పుడూ అలా అనిపించలేదు.

ఆమె దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు ఎక్కి ఇంజను వేశాడు. మామగారు ఒక కాలు మెట్టు మీద పెట్టారు.

“మామయ్యా, ఆగండి.”

“ఆగాల్సింది నేను కాదమ్మాయ్, బస్సు.”

“సీసం మన పెరట్లోది కాదు.”

“ఓహో.”

“ఈకల మీద పెట్టే బరువులది. కుట్టు అరిగి బయటికొచ్చింది.”

“అలాగా.”

ఆయన మొహంలో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆమె ఆ మొహాన్ని చూసింది. భోజనాల దగ్గర ఏదో అనబోయి మానుకున్నది గుర్తొచ్చింది.

“మీకు ముందే తెలుసా?”

“వద్దని అప్పుడే చెప్పాను కదా. చెప్పిందే చెప్పే అలవాటు నాకు లేదు.”

“చెప్తే ఇంతవరకూ వచ్చేది కాదు కదా మామయ్యా.”

“నా మాట వినే వరసలో ఉన్నావా ఆ రోజు? నా ఒళ్ళోంచి పాపను కూడా లేపి తీసుకుపోయావు.”

మెట్టు పైనుంచి కండక్టరు వంగి చూశాడు. “పెద్దాయనా, పైకా, కిందికా?”

“మా కోడలు ఏదో చెప్తోంది బాబూ. ఇంకా పూర్తి కాలేదు.”

“పూర్తయిందా అమ్మా?”

ఆమె కవరు లేని చేతులతో ఏం చెయ్యాలో తెలియక తన భుజం సంచి పట్టీ పట్టుకుంది. “అంటే, ఆ బరువులు ఉండకూడని చోట ఉన్నాయి,” అంది.

మామగారు మెట్టు మీది కాలు తీయలేదు.

“ఇన్నాళ్ళూ ఎవరూ చూసుకోలేదు.”

“ఎవరూ అంటే? కాళ్ళొచ్చి అవే నడుచుకుంటూ వెళ్ళాయా ఆఫీసుకు?”

“డాక్టరు చెప్పాడు కాబట్టి పొయ్యి మాత్రం ఎలాగూ...”

“పొయ్యి సంగతి నేను అడగలేదు. పొయ్యి ఆర్పేశాను. మళ్ళీ వెలిగించను. అది వేరే లెక్క.”

బస్సు ఒకసారి ముందుకు ఊగి ఆగింది. ఆయన మెట్టు కమ్మీ పట్టుకున్నారు. ఆ పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. ఇంజను చప్పుడుకో, వయసుకో, ఏళ్ళ తరబడి మూకుడు మీద పీల్చిన ఆవిరికో, దేనికో చెప్పడానికి లేదు.

“వద్దని మీరన్నారు. నేనే పెట్టాను,” అంది ఆమె. “ఆఫీసులో ఇందాక ఆ ముక్క దాటేశాను. రేపు సెలవు, ఎల్లుండి వెళ్ళగానే చెప్తాను. మీ పేరు చెప్పినచోటే నా పేరు చెప్తాను. పాపను మీ దగ్గరికి రావద్దనడం కూడా...”

“ఇంజను చప్పుడు,” అన్నారాయన చెవి దగ్గర చెయ్యి పెట్టి. “మొదటిది వినబడింది. చివరిది వినబడలేదు.”

కండక్టరు గంట తాడు మీద చెయ్యి వేసి, లాగకుండా ఉంచాడు. కిటికీల్లోంచి రెండు మూడు తలలు ఇటు తిరిగాయి. ఆమె గొంతు పెంచింది.

“నాదే తప్పు మామయ్యా.”

ఆయన కాలు మెట్టు మీద నుంచి తీసి, సంచి భుజం మార్చుకుని నేల మీద నిలబడ్డారు. గంట మోగింది. బస్సు తిరిగి గేటు దాటుతుంటే కిటికీ పక్క సీటు మీద ఆయన పరిచి వచ్చిన చారల తువ్వాలు, మడత చెదరకుండా, ఎవరినీ కూర్చోనివ్వకుండా, ఆయన కూతురి ఊరికి బయలుదేరింది.